అడుగున అగ్ని... పైన పాఠం

పాతబస్తీ విద్యార్థులకు ఒక రాత్రి ప్రయాణ దూరంలో వేడినీటి ఊటలు

హైదరాబాద్ (పాతబస్తీ): కట్టెలు లేవు. గ్యాసు లేదు. హీటరు అంతకన్నా లేదు. అయినా బోరుబావి నుంచి ఆవిర్లు కక్కుతూ వేడినీరు ఉబికి వస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం పగిడేరు గ్రామంలోని వింత ఇది. దీని వెనుక మంత్రమూ లేదు, మాయా లేదు. ఉన్నదల్లా భూమి లోపలి వేడి, ఆ వేడిని పైకి మోసుకువచ్చే నీరు, ఆ నీటికి దారి ఇచ్చిన రాతి పగుళ్లు.

పాతబస్తీలో విజ్ఞాన యాత్ర అనగానే సాలార్‌జంగ్ మ్యూజియం, బహదూర్‌పురాలోని జూపార్కు, గోల్కొండ కోట గుర్తుకు వస్తాయి. కాస్త దూరమంటే నాగార్జునసాగర్, మరీ దూరమంటే మనాలీ. భూగర్భ ఉష్ణశక్తిని కళ్లారా చూపించే చోటు సొంత రాష్ట్రంలోనే ఉన్నా అది యాత్రల జాబితాకు ఎక్కడం అరుదు. పదో తరగతి విద్యార్థి నుంచి డిగ్రీ విద్యార్థి వరకు అక్కడ నేర్చుకోదగిన పాఠం ఉన్నది. అయితే దానికి తగిన సన్నాహం కావాలి. సన్నాహం లేని యాత్ర విహారంగా మిగులుతుంది. ఒక్కొక్కసారి విషాదంగానూ మారుతుంది.

చార్మినార్ కింద వేడి లేదా?

విద్యార్థికి కలిగే మొదటి సందేహం ఇదే. వేడి చార్మినార్ కిందా ఉన్నది, చాంద్రాయణగుట్ట కిందా ఉన్నది. భూమి పుట్టిన నాటి వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు. దానికి తోడు శిలల్లో అతి స్వల్పంగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాలు క్షీణిస్తూ నిరంతరం వేడిని వెలువరిస్తుంటాయి. అందుకే లోతుకు వెళ్లే కొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల పెరుగుదల ప్రపంచ సగటు. భూకేంద్రం వద్ద అది 5 వేల డిగ్రీలు దాటుతుంది.

మరి పాతబస్తీలో వేడినీటి ఊట ఎందుకు లేదు? ఫలక్‌నుమా గుట్ట మీద, చాంద్రాయణగుట్ట మీద కనిపించే బండలన్నీ గ్రానైటు శిలలు. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇంత ప్రాచీనమైన గట్టి నేలలో లోతుకు వెళ్లే కొద్దీ పెరిగే వేడి ప్రపంచ సగటు కంటే తక్కువగానే ఉంటుంది. పైగా గ్రానైటులోని పగుళ్లు లోతుకు వెళ్లే కొద్దీ మూసుకుపోతాయి. వాన నీరు కొన్ని వందల అడుగుల వద్దనే ఆగిపోతుంది. అంటే పొయ్యి ఉన్నది, దాని మీదికి నీరు చేరే దారి లేదు.

చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. వెయ్యి అడుగుల బోరు అంటే దాదాపు 305 మీటర్లు. కిలోమీటరుకు 25 డిగ్రీల చొప్పున లెక్కించినా ఆ లోతులో పెరిగే వేడి 7, 8 డిగ్రీలే. ఆ నీరు గోరువెచ్చగా తగలవచ్చునే గాని ఆవిర్లు చిమ్మదు.

గోదావరి లోయకే ఎందుకీ ప్రత్యేకత?

మణుగూరు పరిసరాల కథ వేరు. రెండు ప్రాచీన శిలాఫలకాల నడుమ భూమి పైపొర సాగి, కుంగి, పొడవాటి లోయగా ఏర్పడింది. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం నుంచి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు ఆ పల్లంలో వేల మీటర్ల మందాన పేరుకున్నాయి. ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది. పూడుకుపోయిన వృక్షసంపద బొగ్గు అయింది. సింగరేణి తవ్వుతున్నది ఆ బొగ్గునే.

లోయ కుంగినప్పుడు అంచుల వెంబడి పెద్ద పెద్ద పగుళ్లు ఏర్పడ్డాయి. భూగర్భ శాస్త్రంలో వీటిని భ్రంశాలు అంటారు. వాన నీరు ఈ భ్రంశాల గుండా లోతుకు దిగుతుంది. అక్కడి శిలల వేడిని గ్రహిస్తుంది. వేడెక్కిన నీరు తేలికవుతుంది. మరో పగులు దొరికితే పైకి వస్తుంది. స్పంజి వంటి ఇసుకరాయి ఆ నీటిని నిల్వ చేస్తుంది. ఇంతకుమించి ఇక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. అడుగున బొగ్గు మండుతున్నందున నీరు కాగుతోందన్న నమ్మకానికీ ఆధారం లేదు. మంటకు ప్రాణవాయువు కావాలి. నీటితో నిండిన అంత లోతైన శిలల్లో దానికి చోటు లేదు.

ఈ భ్రంశాలు పూర్తిగా నిద్రపోలేదనడానికి తార్కాణాలు ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ ప్రకంపనలు హైదరాబాద్‌లోనూ తెలిశాయి. ఆ రోజు నగరంలో మంచాలు కదిలాయని చెప్పుకున్న వారికి, పగిడేరులో వేడినీరు ఎందుకు వస్తున్నదో అర్థం చేసుకోవడం కష్టం కాదు. రెండింటి వెనుకా ఉన్నది ఆ గోదావరి లోయ పగుళ్లే.

బొగ్గు కోసం తవ్వితే...

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడినప్పుడు దాని ప్రధాన కర్తవ్యం బొగ్గు అన్వేషణే. ఆ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొన్నారు. నాటి నుంచి గోదావరి లోయ అంతటా బొగ్గు కోసం బోర్లు వేస్తూనే ఉన్నారు. మణుగూరు ప్రాంతంలో అలా వేసిన కొన్ని బోర్ల నుంచి వేడినీరు పైకి తన్నుకు వచ్చింది. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి.

మోటారు లేకుండానే నీరు పైకి రావడానికి కారణమూ ఆ శిలల అమరికే. నీటిని పట్టి ఉంచే ఇసుకరాయి పొర, నీటిని పోనీయని గట్టి పొర కిందికి ఏటవాలుగా దిగి ఉంటుంది. ఎగువన నేలలోకి ఇంకిన నీటి బరువు దిగువన ఉన్న నీటిపై ఒత్తిడి తెస్తుంది. గట్టి పొరకు ఎక్కడ చిల్లు పడితే అక్కడ నీరు చిమ్ముతుంది. మేడపైని ట్యాంకు నుంచి కింది అంతస్తు కుళాయికి నీరు వేగంగా రావడం వంటిదే ఇది.

పగిడేరు నీటి ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు పైమాటే. నేలపై సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలనుకుంటే, ఆ నీరు 33 డిగ్రీల వేడిని లోపల సంపాదించుకున్నదన్నమాట. కిలోమీటరుకు 30 డిగ్రీల సగటుతో లెక్కిస్తే అది కిలోమీటరుకు పైగా లోతు చూసి వచ్చి ఉండాలి. థర్మామీటరు, పలక, బలపం ఉంటే చాలు... భూమిని తవ్వకుండానే లోతును అంచనా వేయవచ్చునని విద్యార్థి స్వయంగా తెలుసుకుంటాడు. ఇది స్థూలమైన అంచనాయే. లోయలో వేడి పెరుగుదల సగటు కంటే ఎక్కువైతే లోతు తగ్గుతుంది. నీరు పైకి వస్తూ దారిలో చల్లబడితే లోతు పెరుగుతుంది. ఆ తేడాలు ఎందుకు వస్తాయో తరగతిలో చర్చించడం మరో పాఠం.

20 కిలోవాట్లు అంటే ఎంత?

పగిడేరులో సింగరేణి సంస్థ 2022లో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ ప్లాంటును ఏర్పాటు చేసింది. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ నిధులు సమకూర్చగా, ఢిల్లీలోని శ్రీరామ్ పారిశ్రామిక పరిశోధన సంస్థ సాంకేతిక సహకారం అందించింది.

నీరు 100 డిగ్రీల వద్ద కదా ఆవిరయ్యేది, 60, 70 డిగ్రీల నీటితో టర్బైను ఎలా తిరుగుతుంది అన్నది సహజమైన ప్రశ్న. ఇక్కడ టర్బైనును తిప్పేది నీటి ఆవిరి కాదు. చాలా తక్కువ వేడికే ఆవిరయ్యే మరో ద్రవాన్ని మూసి ఉన్న గొట్టాల్లో తిప్పుతారు. వేడినీరు తన వేడిని ఆ ద్రవానికి ఇస్తుంది. ద్రవం ఆవిరై టర్బైనును తిప్పుతుంది. తర్వాత చల్లబడి మళ్లీ ద్రవమై మొదటికి వస్తుంది. వేడినీరూ ఆ ద్రవమూ ఎక్కడా కలవవు. రెండు వలయాలుగా సాగుతుంది కాబట్టి దీనిని ద్వివలయ పద్ధతి అనవచ్చు.

సెకనుకు ఒక లీటరు చొప్పున ప్రవహించే వేడినీరు 30 డిగ్రీలు చల్లబడితే సెకనుకు సుమారు 126 కిలోజౌళ్ల వేడి, అంటే 126 కిలోవాట్లు లభిస్తుంది. అయితే ఇంత తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఆ వేడిలో పదో వంతు కూడా విద్యుత్తుగా మారదు. ఇది యంత్రం లోపం కాదు, ప్రకృతి నియమం. 20 కిలోవాట్లంటే సుమారు పది ఇళ్ల ఏసీలకు సరిపోయే విద్యుత్తు. మణుగూరు ప్రాంతంలోనే ఉన్న భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,080 మెగావాట్లు. పగిడేరు ప్లాంటుకు అది 54 వేల రెట్లు. బొగ్గుకు ప్రత్యామ్నాయం వెతకడం ఎంత పెద్ద పనో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

అలాగని చిన్నచూపు చూడరాదు. 1904లో ఇటలీలోని లార్డెరెల్లోలో భూగర్భ ఆవిరితో తొలిసారి వెలిగించింది ఐదు బల్బులు మాత్రమే. నేడు అక్కడ ఉత్పత్తి వందల మెగావాట్లలో ఉన్నది. ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిది ఇళ్లకు చలికాలపు వెచ్చదనం భూమి లోపలి వేడి నుంచే అందుతున్నది. అక్కడ అగ్నిపర్వతాలు ఉన్నాయి, ఇక్కడ లేవు. ఆ తేడాను మరువరాదు. ఇక్కడి నీటి వేడితో విద్యుత్తు కంటే ధాన్యం, మిర్చి వంటి పంటలను ఆరబెట్టడం, చేపల చెరువులకు వెచ్చదనం ఇవ్వడం వంటి పనులకే అనువు ఎక్కువ.

ఇసుక తీస్తే వేడినీరు

భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున గుండాల గ్రామం ఉన్నది. అక్కడ ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. త్రిమూర్తులు చలికాలంలో ఇక్కడ స్నానమాడారని స్థానికుల విశ్వాసం. ఉష్ణగుండంగా భక్తులకు ఇది సుపరిచితం. రాష్ట్ర విభజన దరిమిలా 2014లో ఈ గ్రామం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. పగిడేరు తెలంగాణలో, గుండాల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా భూమి అడుగున ఉన్నది ఆ గోదావరి లోయే.

ఆదిలాబాద్ సరిహద్దు దాటితే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో పెన్‌గంగ ఒడ్డున ఉన్‌కేశ్వర్ ఉన్నది. తెలుగువారు అధికంగా నివసించే ఒడిశాలోని బరంపురం సమీపంలో తప్తపాణి ఉన్నది. పేర్లలోనే ఉనికి తెలుస్తుంది. తెలుగులో బుగ్గ అన్నా, గుండం అన్నా నీటి తావే. ఉర్దూలో ఊటను చష్మా అంటారు. కళ్లద్దాల చష్మా మాత్రమే తెలిసిన పాతబస్తీ పిల్లలకు ఆ రెండో అర్థం ఈ యాత్రలోనే తెలియవచ్చు.

వెచ్చనివన్నీ ఉష్ణగుండాలు కావు

నంద్యాల జిల్లా మహానంది కోనేటి నీరు చలికాలంలో గోరువెచ్చగా, వేసవిలో చల్లగా ఉంటుందని ప్రసిద్ధి. పాత ఇళ్లలోని చేదబావి నీరూ అంతే. ఇది భూగర్భ ఉష్ణశక్తి కాదు. కొన్ని మీటర్ల లోతులో నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. బయట గాలి చల్లబడినప్పుడు ఆ నీరు వెచ్చగానూ, గాలి వేడెక్కినప్పుడు చల్లగానూ తోస్తుంది. మారింది నీరు కాదు, దానిని తాకే చేయి. పాతబస్తీలో మిగిలి ఉన్న ఏ బావి వద్దనైనా డిసెంబరులో ఒకసారి, మే నెలలో మరోసారి థర్మామీటరు ముంచి చూస్తే ఈ సంగతి రుజువవుతుంది. యాత్రకు ముందు ఈ ప్రయోగం చేసిన విద్యార్థికి పగిడేరు వేడి ఎందుకు భిన్నమైనదో చెప్పనక్కరలేదు.

ప్రాణాల కంటే పాఠం మిన్న కాదు

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీరు వదలడం అందుకు కారణం. వారు వెళ్లింది విద్యా యాత్రకే. 2016 జూన్‌లో అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో నడకదారి దాటి వెళ్లిన యువకుడు వేడినీటి గుంటలో పడి మరణించాడు. నీటి అందం చూసి దాని స్వభావాన్ని అంచనా వేయరాదని ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి.

60 డిగ్రీల నీరు చర్మాన్ని ఐదు సెకన్లలోపే తీవ్రంగా కాల్చగలదు. కాబట్టి ఊట వద్ద వేలు పెట్టి చూడటం నిషేధం. కర్రకు కట్టిన థర్మామీటరుతోనే కొలవాలి. లోతు నుంచి వచ్చే నీటిలో లవణాలు, ఫ్లోరైడు అధికంగా ఉండే అవకాశం ఉన్నందున తాగరాదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడు వాయువు. గాలి ఆడని చోట అది ప్రమాదకరం. వాసన తగ్గినంత మాత్రాన వాయువు తగ్గినట్లు కాదు, ముక్కు మొద్దుబారినా అలాగే అనిపిస్తుంది. ఇక గోదావరిలో స్నానానికి దిగడం యాత్ర కార్యక్రమంలో ఉండనే కూడదు. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. వర్షాకాలంలో ఒడ్డున ఉన్న ఊట నీట మునుగుతుంది. వేసవిలో అక్కడి ఎండ భరించరానిది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం.

వెళ్లే ముందు...

సికింద్రాబాద్ నుంచి మణుగూరుకు రాత్రి రైలు ఉన్నది. పాతబస్తీకి దగ్గరలోని ఇమ్లీబన్ బస్టాండు నుంచి భద్రాచలానికి బస్సులు ఉన్నాయి. ఒక రాత్రి వెళ్లి, పగలంతా చూసి, మరుసటి రాత్రి తిరిగి రావచ్చు. పగిడేరు ప్లాంటు సింగరేణి సంస్థది. ముందుగా లేఖ రాసి అనుమతి పొందనిదే వెళ్లరాదు. ప్రయోగాత్మక ప్లాంటు అయినందున, ఆ రోజు యంత్రం నడుస్తుందో లేదో కూడా విచారించుకోవాలి.

110 డిగ్రీల వరకు చూపే థర్మామీటరు, కొలత గుర్తులున్న బకెట్టు, గడియారం, నీటి నమూనాకు శుభ్రమైన సీసాలు, కాలిన గాయాలకు ప్రథమ చికిత్స పెట్టె... ఇంతే సరంజామా. బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో చూస్తే ప్రవాహం తెలుస్తుంది. ఊట వద్ద, పది మీటర్ల దూరంలో, యాభై మీటర్ల దూరంలో ఉష్ణోగ్రత కొలిస్తే నీరు ఎలా చల్లబడుతుందో గీత గీయవచ్చు. ఈ అంకెలతో తిరిగి వచ్చిన జట్టుకు నివేదిక రాయడానికి మరో పుస్తకం అక్కరలేదు.

ఆడపిల్లలను రాత్రి ప్రయాణానికి పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులు పాతబస్తీలో ఎందరో ఉన్నారు. ఆ భయాన్ని తప్పుపట్టలేము. దానికి జవాబు చెప్పవలసింది పాఠశాలే. యాత్రకు నెల రోజుల ముందే తల్లిదండ్రుల సమావేశం జరపాలి. తెలుగుతో పాటు ఉర్దూలోనూ కార్యక్రమ పత్రం ఇవ్వాలి. తగినంతమంది మహిళా అధ్యాపకులను, ఒకరిద్దరు తల్లులను వెంట తీసుకువెళ్లాలి. లేకుంటే అబ్బాయిలు చూసి వచ్చిన పాఠాన్ని అమ్మాయిలు ఫొటోల్లో చూడవలసి వస్తుంది. ఒకే తరగతిలో చదివే పిల్లలకు ఇది న్యాయం కాదు.

అయినా వెళ్లలేని వారికి నగరంలోనే దారి ఉన్నది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. లద్దాఖ్‌లోని పూగా లోయ వేడినీటి ఊటలపై 1970వ దశకంలో జరిగిన అధ్యయనాల్లో ఈ సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26 సందర్భంగా దాని ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరిచే ఆనవాయితీ ఉన్నది. నాగోలు సమీపంలోని బండ్లగూడలో భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం ఉన్నది. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

రేపటి అవసరం

దేశంలో 300కు పైగా వేడినీటి ఊటలను భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించింది. వీటి ద్వారా 10 వేల మెగావాట్లకు పైగా విద్యుత్తుకు అవకాశం ఉన్నదని అంచనా. గోదావరి లోయ ఆ ఊటల ప్రధాన మండలాల్లో ఒకటి. 2021లో పూగాలో ఒక మెగావాట్ ప్లాంటు కోసం ఓఎన్జీసీ ఒప్పందం కుదుర్చుకుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ భూగర్భ ఉష్ణశక్తి విధానాన్ని ప్రకటించింది. విధానం కాగితం మీదికి వచ్చింది. దానిని నేల మీదికి తేవడానికి బోర్లు వేసేవారు, రాళ్లను చదివేవారు, నీటిని పరీక్షించేవారు, యంత్రాలను నడిపేవారు కావాలి.

శాలిబండ గల్లీలోనో, కందికల్ గేటు వద్దనో ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లవాడో, పిల్లో ఆ పనిలో చేరవచ్చు. అందుకు ముందుగా భూమి లోపల వేడి ఉన్నదని పుస్తకంలో చదవడమే కాక, థర్మామీటరు పాదరసం 60 దాటి ఎక్కడాన్ని తమ కళ్లతో చూడాలి. అందుకు కావలసింది ఒక రైలు టికెట్టు, ఒక అనుమతి లేఖ, పిల్లలను క్షేమంగా తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత తెలిసిన ఉపాధ్యాయులు.